ఏడాదిలో రెండు బ్యాటరీలు తినేసిన యెజ్డీ

ప్రశ్న: అన్నగారూ, మాది హిందూపురం. ఉద్యోగం బెంగళూరులో, కాపురం కె.ఆర్. పురంలో. నాన్నగారు వాడిన యెజ్డీ 250ని ఊరి నుంచి తెచ్చుకుని, పోయినేడు మొత్తం విప్పించి, ఫ్రేముకు పౌడర్ కోటింగ్ చేయించి మళ్లీ బిగించాం. అప్పటి నుంచి ఏడాదిలో రెండు బ్యాటరీలు పోయాయి. మొదటిది ఎమర్జెన్సీ లైట్లలో వాడే 6 వోల్టుల 4.5 ఏహెచ్ (ఆంపియర్-అవర్, బ్యాటరీ ఎంత ఛార్జ్ పట్టుకుంటుందో చెప్పే కొలత) సీల్డ్ బ్యాటరీ. మూడు నెలలకే పొట్ట ఉబ్బిపోయింది. రెండోది యాసిడ్ పోసేది, 6 వోల్టులు, 11 ఏహెచ్. బండిలో ఉన్న పాత బ్యాటరీ మీద అలాగే రాసి ఉంటే చూసి కొన్నాను. దాంట్లో పదిహేను రోజులకోసారి నీళ్లు తగ్గిపోయేవి. ఇప్పుడు అదీ ఛార్జ్ నిలబెట్టుకోవడం లేదు. సిగ్నల్ దగ్గర ఆగితే హెడ్‌లైటు మినుకుమంటుంది, రేస్ ఇస్తే తెల్లగా మండుతుంది. బల్బులు తరచూ పోతున్నాయి. మెకానిక్ 12 వోల్టులకు మార్చేద్దాం అంటున్నాడు. ఆఫీసులో స్నేహితుడు లిథియం వేసుకోమంటున్నాడు. బ్యాటరీ షాపాయన పెద్ద సీల్డ్ బ్యాటరీ ఇస్తానంటున్నాడు. నాన్నగారు మాత్రం ‘పాతదే వేయరా’ అంటారు. ఏది కొనమంటారు?

జవాబు: తమ్ముడూ, మీ నాన్నగారి మాటే నా మాట. యాసిడ్ పోసే మామూలు బ్యాటరీ, 6 వోల్టులు, 11 ఏహెచ్, అదే కొనండి. కానీ ఈ వారం కొనకండి. బండి ఇప్పుడున్న స్థితిలో మూడోది వేసినా దానికీ అదే గతి పడుతుంది. మీ ఉత్తరంలో బ్యాటరీల తప్పు నాకెక్కడా కనబడలేదు. సీల్డ్ బ్యాటరీ పొట్ట ఉబ్బడం, యాసిడ్ బ్యాటరీలో నీళ్లు పదిహేను రోజులకే తగ్గిపోవడం, రేస్ ఇస్తే లైటు తెల్లగా మండి బల్బు పోవడం, ఇవన్నీ ఒకే జబ్బు లక్షణాలు. బండి నడిచేటప్పుడు బ్యాటరీలోకి వెళ్లే వోల్టేజీ హద్దు దాటుతోంది. ముందు దాన్ని పట్టుకోవాలి.

మీ బండిలో కరెంటు పుట్టేది క్రాంకు కొసన తిరిగే డైనమోలో. దాన్ని అదుపులో పెట్టేది రెగ్యులేటర్. ఆ రెగ్యులేటర్‌తోనే కటౌట్, అంటే డైనమోను బ్యాటరీతో కలిపే, విడదీసే స్విచ్చు కూడా ఉంటుంది. డైనమో వోల్టేజీ బ్యాటరీని మించినప్పుడు కటౌట్ కలుస్తుంది, ఇంజను నెమ్మదించి వోల్టేజీ పడిపోగానే విడిపోతుంది. రెగ్యులేటర్ లోపల సన్నని తీగ చుట్టిన కాయిల్ ఉంటుంది. వోల్టేజీ ఎంత ఉందో ఆ కాయిల్‌కు తెలిసేది ఎర్త్, అంటే కరెంటు ఫ్రేము మీదుగా బ్యాటరీకి తిరిగి చేరే దారి, సరిగా అందినప్పుడే. ఎర్త్ అరకొరగా అందితే, బయట 7 వోల్టులున్నా కాయిల్‌కు 6 ఉన్నట్టే అనిపిస్తుంది. ఇంకా చాలలేదని డైనమోను మరింత పని చేయనిస్తుంది. అదే ఎర్త్ లోపం వల్ల, రేస్ తక్కువగా ఉన్నప్పుడు కటౌట్ ఆలస్యంగా కలుస్తుంది, ఛార్జే ఎక్కదు. సిగ్నల్ దగ్గర చీకటి, రోడ్డెక్కితే అతి వెలుగు. మీరు రాసింది అచ్చంగా ఇదే.

మీ ఉత్తరంలో పౌడర్ కోటింగ్ అన్న మాట చదవగానే నా అనుమానం అటే పోయింది. పౌడర్ కోటింగ్ అంటే పొడిని వేడికి కరిగించి ఇనుము మీద పట్టించిన మందపాటి ప్లాస్టిక్ పొర. అందంగా ఉంటుంది, తుప్పు ఆపుతుంది, కానీ కరెంటును చుక్క కూడా పోనివ్వదు. పాత బళ్లలో ఫ్రేమే సగం వైరింగ్. రెగ్యులేటర్ బిగించిన చోట, బ్యాటరీ ఎర్త్ వైరు బిగించిన చోట, ఇంజను ఫ్రేముకు ఆనే చోట, హెడ్‌లైటు డోము దగ్గర, ఇనుముకూ ఇనుముకూ మధ్య ఈ పొర అడ్డుపడి ఉంటుంది. బోల్టు మరల దగ్గర ఎక్కడో కొంచెం తగిలి, ఆ కొంచెంతోనే బండి ఇంతకాలం నడిచి ఉంటుంది.

ఎస్.పి. రోడ్డుకు వెళ్లి ఒక చిన్న డిజిటల్ మల్టీమీటరు తెచ్చుకోండి. పాత బండి ఉన్నవాళ్ల ఇంట్లో స్పానరు సెట్టు ఎంత అవసరమో ఇదీ అంతే. పరీక్షకు బాగా ఛార్జ్ ఉన్న బ్యాటరీ కావాలి, మీ పాతది అందుకు పనికిరాకపోతే ఎవరి దగ్గరైనా ఒక పూటకు అడగండి. ఇంజను ఆపి, కొన్ని గంటలు కదపకుండా ఉంచిన మంచి 6 వోల్టుల బ్యాటరీ 6.3 నుంచి 6.4 వరకు చూపిస్తుంది. 6.0 అంటే దాదాపు ఖాళీ. 4 దగ్గర ఆగిపోతే మూడు సెల్లుల్లో ఒకటి పోయిందని అర్థం, దాన్ని ఇక ఎవరూ బాగుచేయలేరు.

ఇప్పుడు ఇంజను స్టార్ట్ చేసి, లైట్లు ఆపి, రోడ్డు మీద హాయిగా పోయేటప్పుడు ఎంత రేస్ ఉంటుందో అంత ఇచ్చి బ్యాటరీ టెర్మినళ్ల దగ్గర కొలవండి. 6.9 నుంచి 7.3 మధ్య నిలబడితే రెగ్యులేటర్ పని చేస్తున్నట్టే. 7.5 దాటి ఇంకా పైకి పోతుంటే మీ బ్యాటరీలను చంపింది అదే. తర్వాత హెడ్‌లైటు వేసి, రేస్ అలాగే ఉంచి, మీటరు ఒక మొన బ్యాటరీ ఎర్త్ టెర్మినల్ మీద, రెండోది రెగ్యులేటర్ ఒంటి మీద పెట్టండి. 0.1 వోల్టు లోపే రావాలి. అంతకంటే ఎక్కువ వచ్చిందంటే ఆ వోల్టేజీ దారిలోనే పోతోందన్నమాట. ఇదే పరీక్ష ఇంజను కేసింగ్ మీద, హెడ్‌లైటు డోము మీద కూడా చేయండి.

మందు తేలికే. ఎర్త్ బిగించే ప్రతి చోటా వాషర్ కింద పట్టేంత మేర రంగు గీకి, మెరిసే ఇనుము కనబడేలా చేసి, పళ్లున్న స్టార్ వాషర్ వేసి బిగించి, పైన వాజలిన్ పూయండి. దాంతో ఆగకుండా 2.5 చదరపు మిల్లీమీటర్ల వైరు ఒకటి బ్యాటరీ ఎర్త్ నుంచి రెగ్యులేటర్‌కు, అక్కడి నుంచి ఇంజనుకు విడిగా లాగించండి. సీటు కింద దాగిపోతుంది, బండి రూపం చెడదు. ఇంత చేశాక కూడా వోల్టేజీ 7.5 దాటితే రెగ్యులేటర్ పాయింట్లు (కలుస్తూ విడిపోతూ ఉండే లోహపు మొనలు) మాడి ఉంటాయి, లేదా ఎవరో స్క్రూ తిప్పి ఉంటారు. పాత డైనమో బళ్లు తెలిసిన చేతికి మాత్రమే అది అప్పగించండి. దొరకకపోతే 6 వోల్టుల డైనమోకు తగిన ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ వేయించుకోవచ్చు, అందులో సిగ్గుపడాల్సింది ఏమీ లేదు. విప్పినప్పుడే డైనమో కార్బన్ బ్రష్‌లు కూడా చూడమనండి.

ఇంకొక్క పరీక్ష మరచిపోవద్దు. తాళం ఆపేసి, బ్యాటరీ వైరు ఒకటి తీసి, మధ్యలో మీటరును ఆంపియర్లలో పెట్టి చూడండి. మీ బండిలో గడియారం లేదు, కంప్యూటరు లేదు, కాబట్టి సున్నా రావాలి. ఏమైనా కరెంటు పోతుంటే కటౌట్ పాయింట్లు అతుక్కుని ఉండొచ్చు. అప్పుడు బండి నిలబడి ఉండగానే బ్యాటరీ డైనమోలోకి ఖాళీ అయిపోతుంది, డైనమో వేడెక్కుతుంది కూడా.

ఇక ఏహెచ్ సంగతి. మీరు మొదట వేసిన 4.5 ఏహెచ్ బ్యాటరీ వోల్టేజీ అదుపులో ఉన్నా నిలిచేది కాదు. దీనికి కారణం బెంగళూరు ట్రాఫిక్. జావా 250 డైనమో 6 వోల్టులు, 45 వాట్లది. మన యెజ్డీ ఆ ఇంటి పిల్లే. హెడ్‌లైటు ఒక్కటే 35 వాట్లు, వెనక లైటు 5 వాట్లు. మిగిలినదాంతో ప్లగ్గులో స్పార్క్ పుట్టించే ఇగ్నిషన్ కాయిల్‌కు కరెంటు ఇవ్వాలి, బ్యాటరీ నింపాలి, మధ్యమధ్యలో హారన్, బ్రేక్ లైటు. అదీ బండి ఊపు మీద ఉన్నప్పుడు. టిన్ ఫ్యాక్టరీ దగ్గర, సిల్క్ బోర్డు దగ్గర బండి ఐడిల్‌లో నిలబడితే డైనమో ఇచ్చేది ఏమీ ఉండదు. 6 వోల్టుల మీద 35 వాట్ల బల్బు దాదాపు 6 ఆంపియర్లు తాగుతుంది. కాయిల్, వెనక లైటు, మీరు తొక్కి పట్టుకున్న బ్రేక్ లైటు కలిపితే 10 ఆంపియర్ల దాకా పోతుంది. అంత లాగితే 4.5 ఏహెచ్ బ్యాటరీ అరగంట కూడా నిలవదు. 11 ఏహెచ్‌ది దానికి రెట్టింపు పైనే లాగుతుంది. మీ బండికి బ్యాటరీ లేకుండానే స్పార్క్ పుట్టించే మాగ్నెటో లేదు, ప్లగ్గులో స్పార్క్ కూడా ఈ బ్యాటరీ నుంచే రావాలి. బ్యాటరీ దిగిపోతే లైటుతో పాటు ఇంజనూ ఆగుతుంది. అందుకే 11కు తగ్గించవద్దు. పెట్టెలో సరిగ్గా పడితే 12 ఏహెచ్, 14 ఏహెచ్ వేసినా నష్టం లేదు.

పగలు హెడ్‌లైటు ఆపేసుకోండి. బండి స్టార్ట్ కాగానే లైటు వెలిగే ఏర్పాటు 2017 ఏప్రిల్ 1 నుంచి వచ్చిన కొత్త బళ్లకు పెట్టిన నిబంధన, మీ బండికి వర్తించదు. వెనక లైటుకు, బ్రేక్ లైటుకు 6 వోల్టుల ఎల్ఈడీ బల్బులు వేసుకుంటే ఇంకొంత ఆదా. కొనేటప్పుడు మీ బండి ఎర్త్ ప్లస్సా మైనస్సా చెప్పి కొనండి, కొన్ని ఎల్ఈడీలు తిరగేస్తే వెలగవు.

మీ స్నేహితుడు చెప్పిన లిథియం ఈ బండికి వద్దే వద్దు. లిథియం ఐరన్ ఫాస్ఫేట్ సెల్లు 3.2 వోల్టులది. రెండు కలిపితే 6.4, లెక్క బాగానే కుదురుతుంది. కానీ 7.3 వోల్టులు దాటితే దానికి ప్రమాదం, అందుకే లోపలున్న రక్షణ సర్క్యూటు బ్యాటరీని విడగొట్టేస్తుంది. అప్పుడు పాత డైనమో, బ్యాటరీ ఆసరా లేకుండా నేరుగా బల్బుల మీద పడుతుంది. బల్బులన్నీ ఒకేసారి పోతాయి, ఆ తర్వాత రేస్ తగ్గించగానే ఇంజను ఆగిపోతుంది. రాత్రిపూట ఔటర్ రింగ్ రోడ్డు మధ్యలో మీకు ఆ పరిస్థితి రాకూడదు.

షాపాయన చెప్పిన సీల్డ్ బ్యాటరీ అంత చెడ్డ సలహా కాదు. 6 వోల్టుల 12 ఏహెచ్ సీల్డ్ బ్యాటరీ సాధారణంగా 151 మిల్లీమీటర్ల పొడవు, 50 వెడల్పు, 94 ఎత్తు ఉంటుంది, కొలత వేసి చూసుకోవచ్చు. యాసిడ్ ఆవిరి రాదు, క్రోమ్ పాడవదు. చిక్కల్లా ఒకటే. యాసిడ్ బ్యాటరీలో వోల్టేజీ ఎక్కువై నీళ్లు పోతే మళ్లీ పోసుకుంటాం. సీల్డ్ దాంట్లో పోయిన నీళ్లు పోయినట్టే. కాబట్టి ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ వేయించి, వోల్టేజీ 7.2 దగ్గర కట్టేసినట్టు నిలబడుతోందని మీటరులో చూశాకే దాని గురించి ఆలోచించండి. బండిని నెలకోసారి ఎగ్జిబిషన్‌కు తీసుకెళ్లేవాళ్లకు అది నప్పుతుంది. మీలా తిప్పేవాళ్లకు, పాత పాయింట్ల రెగ్యులేటర్ ఉన్నంతవరకు, తప్పును కాస్త ఓర్చుకునే యాసిడ్ బ్యాటరీయే మేలు.

12 వోల్టుల మార్పు గురించి నాది గట్టి అభిప్రాయం. మీ మెకానిక్ మంచి మనసుతోనే చెప్పి ఉంటాడు, కానీ రోగం అది కాదు. బల్బులు, హారన్, కాయిల్, రెగ్యులేటర్ అన్నీ మార్చాలి. అదే డైనమో చేత 12 వోల్టులు ఇప్పించాలంటే అది ఇంకా వేగంగా తిరగాలి, అంటే ఛార్జింగ్ మొదలయ్యే రేస్ ఇప్పటికంటే బాగా పైకి పోతుంది. సిగ్నల్ నుంచి సిగ్నల్‌కు పాకే ఈ ఊళ్లో అది మీకు మరింత కష్టం. 6 వోల్టుల లైటు గుడ్డిదన్న పేరు కూడా పూర్తిగా న్యాయం కాదు. వైరులో, ఎర్త్‌లో 0.6 వోల్టు పోతే 6లో పదోవంతు పోయినట్టు. వోల్టేజీ పదోవంతు తగ్గితే ఫిలమెంటు బల్బు వెలుగులో దాదాపు 30 శాతం పోతుంది. అదే 0.6 వోల్టు 12 వోల్టుల బండిలో పోతే తేడా పెద్దగా కనబడదు. అందుకే 6 వోల్టుల బండికి మందపాటి వైర్లు, శుభ్రమైన ఎర్త్ ప్రాణం. అవి సరిచేశాక రాత్రి ఒకసారి నడిపి చూసి, అప్పటికీ చాలదనిపిస్తే 12 వోల్టుల మాట ఎత్తండి.

ఇవన్నీ అయ్యాక జె.సి. రోడ్డుకు వెళ్లండి. పాత బ్యాటరీ చేతపట్టుకుని వెళ్లండి, ఉత్త చేతులతో పోవద్దు. ‘యెజ్డీ బ్యాటరీ’ అని అడిగితే 12 వోల్టులది చేతిలో పెట్టే ప్రమాదం ఉంది, ఎందుకంటే 2022లో యెజ్డీ పేరుతో మళ్లీ వచ్చిన కొత్త బళ్లు 12 వోల్టులవి. ‘మైసూరు పాత యెజ్డీ, 6 వోల్టులు’ అని చెప్పండి. 1996లో మూతపడిన ఆ మైసూరు ఫ్యాక్టరీ బళ్లను ఎరిగిన పాత షాపులు ఇంకా ఉన్నాయి. బ్యాటరీ మీద 6ఎన్11 అని మొదలయ్యే కోడు ఉంటే, 6 వోల్టులు, 11 ఏహెచ్ అని. దాని తర్వాత వచ్చే అంకెలు, అక్షరాలు కూడా చూడాలి. ప్లస్ ఏ పక్కన ఉంది, ఆవిరి గొట్టం ఏ మూల ఉంది అన్నది వాటిలోనే ఉంటుంది. ప్లస్, మైనస్ అటూ ఇటూ అయితే వైరు చాలదు. కంగారులో వైరును సాగదీసి తిరగేసి కలిపితే డైనమో ధ్రువాలు మారిపోతాయి, ఎలక్ట్రానిక్ రెగ్యులేటర్ ఉంటే అది అక్కడికక్కడే మాడిపోతుంది. పాత బళ్లన్నిటికీ మైనస్సే ఎర్త్ అనుకోవద్దు. లూకాస్ కంపెనీ ఎలక్ట్రికల్ సామాను ఉన్న పాత బ్రిటిష్ బళ్లకు ప్లస్ ఎర్త్ ఉండేది. పాతది విప్పే ముందు ఫోన్‌లో ఫొటో తీసుకుంటే ఏ గొడవా లేదు.

యాసిడ్ పోయని పొడి బ్యాటరీయే అడగండి. షాపులో ముందే నింపి అరలో పెట్టినది వద్దు, ఎన్నాళ్ల నుంచి ఉందో చెప్పలేం. మీ ముందు 1.260 నుంచి 1.280 సాంద్రత ఉన్న యాసిడ్ పోయించి, ప్లేట్లు పీల్చుకోవడానికి అరగంట వదిలేయమనండి. షాపుల్లో చాలాచోట్ల అక్కడితో చేతిలో పెట్టి పంపేస్తారు. ఒప్పుకోవద్దు. ఏహెచ్‌లో పదోవంతు, అంటే 1.1 ఆంపియర్లతో మూతలు తీసి కొన్ని గంటలు ఛార్జ్ చేయాలి. మొదటి ఛార్జ్ సరిగా పడని బ్యాటరీ చివరిదాకా పూర్తి బలం చూపదు. 6 వోల్టుల ఛార్జరే వాడాలి, కారు ఛార్జర్ తగిలించవద్దు. ఛార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది, దగ్గర్లో బీడీ, సిగరెట్, దీపం ఏదీ ఉండకూడదు.

బిగించేటప్పుడు కింద రబ్బరు షీటు, పైన బిగుతుగా పట్టీ. అదురుకు ప్లేట్ల మీది పదార్థం రాలి అడుగున చేరితే సెల్లు షార్ట్ అవుతుంది. ఆవిరి గొట్టాన్ని సైలెన్సరుకూ చైనుకూ దూరంగా ఫ్రేము కిందిదాకా దింపండి, మధ్యలో మడత పడకూడదు. కొత్తగా చేయించిన మీ క్రోమ్‌కు, పెయింటుకు పెద్ద శత్రువు ఆ ఆవిరే. ఎక్కడైనా యాసిడ్ ఒలికితే వంట సోడా కలిపిన నీళ్లతో కడిగేయండి.

ఆ తర్వాత నెలకోసారి మట్టం చూసి డిస్టిల్డ్ వాటర్ మాత్రమే పోయండి. ఆర్వో నీళ్లు, ఏసీ నుంచి కారే నీళ్లు, కావేరి నీళ్లు ఏవీ పనికిరావు. మట్టం తగ్గిందని యాసిడ్ పోయడం ఇంకా పెద్ద తప్పు, ఆవిరైపోయేది నీళ్లే, యాసిడ్ లోపలే ఉంటుంది. బండి రెండు మూడు వారాలు కదలదనుకుంటే ఎర్త్ వైరు తీసి పెట్టండి. వాడకపోయినా ఈ రకం బ్యాటరీ రోజుకు అర శాతం నుంచి ఒక శాతం దాకా తనంతట తానే దిగుతుంది, కాబట్టి నెలకోసారి ఛార్జ్ తప్పదు. ఖాళీగా వదిలేస్తే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడి ఇక ఛార్జ్ ఎక్కదు.

ఇదే ప్రశ్న వేరే బళ్లవాళ్లకూ ఉంటుంది కనుక రెండు ముక్కలు. యమహా ఆర్ఎక్స్ 100కు సీడీఐ, అంటే బ్యాటరీతో పనిలేకుండా స్పార్క్ ఇచ్చే ఎలక్ట్రానిక్ ఏర్పాటు ఉంది, బ్యాటరీ దిగినా ఇంజను నడుస్తుంది, హారన్, ఇండికేటర్లు మాత్రం మూగబోతాయి. రాజ్‌దూత్ 350 మాత్రం 12 వోల్టులదే అయినా స్పార్క్‌కు పాయింట్లే వాడే బండి, బ్యాటరీ మీదే బతుకుతుంది. పాత బుల్లెట్లలో 6 వోల్టులవీ ఉన్నాయి, 12 వోల్టులవీ ఉన్నాయి, చేతులు మారి మార్చినవీ ఉన్నాయి. బల్బు తీసి దాని మీద రాసింది చదివాకే బ్యాటరీ కొనాలి.

ఎవరు బాగుచేస్తారన్నది మీరు అడగలేదు కానీ తప్పక కావలసి వస్తుంది. జూలై రెండో ఆదివారం జావా, యెజ్డీలవాళ్లంతా బెంగళూరులో ఒకచోట కలుస్తారు. బండి వేసుకుని వెళ్లండి. డైనమో రెగ్యులేటర్ సరిచేసే చేతులు ఎవరివో అక్కడ నాలుగు బళ్లవాళ్లను అడిగితే తెలిసిపోతుంది. చచ్చిన రెండు బ్యాటరీలనూ పాత ఇనుపవాడికి వేయకుండా, కొత్తది కొన్న షాపులోనే ఇచ్చి ధర తగ్గించుకోండి. వాడేసిన బ్యాటరీలు వెనక్కి చేరాలని 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనలు కూడా చెబుతున్నాయి. ఆటోలో తీసుకెళ్లేటప్పుడు యాసిడ్ బ్యాటరీని నిటారుగా, ప్లాస్టిక్ టబ్బులో పెట్టుకోండి.